రూతమ్మ రెండో పిడికెడు

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి సార్" అంటారు. నాకు వెంటనే అనుమానం. వీళ్లను ఎవరు పంపారు, ఏ పని పడి వచ్చారు, పోయేటప్పుడు ఏం అడుగుతారు అని. నిజంగా వినడానికే వచ్చారని నాకు నమ్మకం కుదిరేసరికి వాళ్లు చాయ్ తాగేసి లేచి నిలబడి ఉంటారు. నా బుద్ధి అలాంటిది, ఇక మారదు. అందుకే ఆ నాలుగు మాటలూ ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను గిర్దావరుగా పనిచేశాను. మీరు ఇప్పుడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అంటున్న ఉద్యోగమే. పేరు నిజాం కాలంది. రాష్ట్రం మారి, దఫ్తరు బోర్డు మారినా వరంగల్ పల్లెల్లో జనం నోట గిర్దావరు గిర్దావరుగానే ఉండిపోయాడు. మేం ఊళ్లో అడుగు పెడుతున్నామంటే కుక్కలకన్నా ముందు మనుషులు పసిగట్టేవాళ్లు. ఎవరి తలుపు ఎంత వేగంగా మూసుకుందో చూస్తే ఎవరి దగ్గర ఏముందో తెలిసిపోతుందని మా సీనియర్లు చెప్పేవారు. నేను అది నమ్మాను.

నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. అది మీకెందుకు? రఘునాథపల్లి వైపు ఒక ఊళ్లో, ఒక చిన్న చర్చి గోడకు ఎక్కాల్సిన రాయిని నా ఒక్క సంతకంతో ఏడాదికి పైగా ఎలా ఆపానో రాస్తాను. ఊరి పేరు చెప్పను. ఆ మనుషుల బంధువులు ఇంకా అక్కడే ఉన్నారు.

తక్కెడ పక్కన పెరిగినవాణ్ణి

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. మా నాన్నకు ఒక విద్య ఉండేది. మనిషి కొనే బియ్యాన్ని బట్టి ఆ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో చెప్పేవాడు. కాశిబుగ్గలో మగ్గం నేసే రాజన్న ఒకసారి వచ్చి, ఎప్పుడూ కొనేదానికన్నా సోలెడు ఎక్కువ పొయ్యమన్నాడు.

"ఏం రాజన్నా, బిడ్డ కానుపుకొచ్చిందా?" అన్నాడు మా నాన్న.

రాజన్న నోరు తెరిచాడు. "నీకెవలు జెప్పిండ్రు సేటు?"

"నీ బియ్యమే జెప్పినయ్."

ఆ విద్య నాకూ అబ్బింది. ఒక మనిషికి పూటకు ఎన్ని గింజలు పడతాయో చాట వంక చూసి చెప్పగలను. దీన్ని నేను చాలా గొప్పగా అనుకునేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నాకు పేరొచ్చింది. అది ఇద్దరు అన్నదమ్ముల హద్దు తగాదా. హద్దురాయి తాతల నాటి నుంచీ అక్కడే ఉందని పెద్దవాడు పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఊరు ఊరంతా అవునంది. నేను రాయిని పక్కకు దొర్లించమన్నాను. ఏళ్ల తరబడి కదలని రాయి కింద చీమలు కాపురం పెడతాయి, గడ్డి వేళ్లు తెల్లగా అల్లుకుంటాయి. ఈ రాయి కింద చీమ లేదు, వేరు లేదు, నిన్న తవ్వినట్టున్న మట్టి ఉంది. పెద్దవాడు అక్కడికక్కడే కాళ్ల మీద పడ్డాడు. "విశ్వనాథం వస్తె రాయి గూడ నిజం జెప్తది" అని తాలూకా అంతా చెప్పుకున్నారు. పాతికేళ్లు నిండనివాడికి అంతకన్నా ఏం కావాలి? అప్పటి నుంచి కనబడ్డ ప్రతి రాయినీ దొర్లించి చూడాలనిపించేది. మనుషుల్ని కూడా.

మొయిన్ సాబ్

మా తహసీల్దారు మొయిన్ సాబ్ పాతకాలం మనిషి. ఉర్దూలో దఫ్తరు పని నేర్చుకుని, నలభై దాటాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. షేర్వానీ జేబులో ఎప్పుడూ లవంగాలుండేవి. కోపం వస్తే ఒకటి నోట్లో వేసుకునేవాడు. నా ముందు ఆయన నమిలిన లవంగాలతో ఒక పెళ్లికి బిర్యానీ చేయవచ్చు.

హద్దురాయి రిపోర్టును అందరూ మెచ్చుకుంటే ఆయన ఒక్కడే నవ్వలేదు.

"మంచిగ రాసినవ్ విశ్వనాథం. మట్టి చూసినవ్, చూసింది రాసినవ్. రేపు ఒక జాగల మట్టి దొరకదు. అప్పుడేం రాస్తవ్?"

"అనుమానం ఉన్నదని రాస్త సాబ్."

"అరె మియా! శక్ ఉంటె దిల్‌ల పెట్టుకో. తిరుగు, అడుగు, మళ్ల అడుగు. దాని కింద దస్తఖత్ మాత్రం పెట్టకు."

నేను తలూపాను. ముసలాయనకు భయమెక్కువ అని లోపల అనుకున్నాను.

రెండు కాగితాలు

చైనా యుద్ధం ముగిసిన తర్వాత రెండో ఎండాకాలంలో ఒకే సంగతి మీద మా దఫ్తరుకు రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది ఆ ఊరి చర్చి పాస్టరు జీవరత్నంగారు కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ. తమ సంఘంలో పుట్టి పెరిగిన ఏసోబు అనే సిపాయి చైనా సరిహద్దులో పోయాడు. గాయపడ్డ ఇద్దరిని భుజాన మోసుకొచ్చి, మూడోవాడి కోసం మళ్లీ మంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. అతని పేరు చెక్కిన రాయిని చర్చి గోడకు నిలబెడుతున్నాం, కలెక్టరుగారు వచ్చి తెర తీయాలి అని ఆ అర్జీ. సిపాయి తల్లికి అయిదెకరాల బంచరాయి, అంటే సర్కారు బీడు, ఇచ్చే ఫైలు కూడా అప్పటికే నడుస్తోంది.

రెండోది ఆకాశరామన్న ఉత్తరం. ఊదా రంగు పెన్సిలుతో రాసింది. ఏసోబు చావలేదు, పటాలం విడిచి పారిపోయి వచ్చాడు, తల్లి ఇంట్లో దాచి తిండి పెడుతోంది, మొన్న మేడారం జాతరలో చూసినవాళ్లున్నారు. పారిపోయినవాడి రాయికి కలెక్టరు తెర తీస్తే సర్కారు పరువేం కావాలి? అని అందులో ఉంది.

పటాలం నుంచి వచ్చిన టెలిగ్రాం నకలు ఫైల్లో ఉంది. జాడ తెలియలేదు, మరణించినట్టు భావిస్తున్నాం అని దాని సారాంశం. శవం రాలేదు. 'భావిస్తున్నాం' దగ్గర నా చూపు అతుక్కుపోయింది.

"పోయి చూసి రా," అన్నాడు మొయిన్ సాబ్. "ఒక్కల్ని అడిగి రాకు. ఇరవై మందిని అడుగు."

కుర్చీ

ఊళ్లోకి పోగానే పోలీసు పటేలు ఎదురొచ్చాడు. "రండ్రి రండ్రి గిర్దావర్ సాబ్, ఎండల పడి వచ్చిండ్రు" అని వాకిట్లో వేపచెట్టు నీడన కుర్చీ వేయించాడు. మీగడ తేలుతున్న చాయ్ ఇచ్చాడు. మనిషి మర్యాదస్థుడు అనుకున్నాను.

"ఏసోబు సంగతేంది పటేలా?"

"నేనేం జెప్పను సాబ్. పిల్లగాడు మంచోడే. కాని ఊర్ల నలుగురు నాలుగు తీర్ల అనుకుంటాండ్రు. తంతి వచ్చిన్నాడు ముసల్ది నోరు తెరిచి ఏడ్వలే. కొడుకు సస్తె ఏడ్వని తల్లి ఉంటదా? మీరే సోంచాయించుండ్రి." మళ్లీ తనే, "గా అయిదెకరాల ముచ్చటైతె నాకేం తెల్వది సాబ్" అన్నాడు.

అయిదెకరాల గురించి నేను అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణి అక్కడే పట్టుకోవాల్సింది. చాయ్ బాగుంది, నీడ చల్లగా ఉంది, పట్టుకోలేదు. పంచనామా కాగితం ఇస్తే అంగీ జేబులోంచి పెన్సిలు తీసి, నాలుకతో తడుపుకుని, సంతకం చేసి ఇచ్చాడు. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.

పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. కుర్చీ వేసినవాణ్ణి అనుమానించడం చాలా కష్టం. నా అనుమానం నీళ్లలాగా ఎప్పుడూ పల్లానికే పారింది. ఊరి చివర గుడిసె వైపు పారింది కానీ పటేలు వాకిలి వైపు ఎక్కలేదు.

చర్చి పెంకుల కప్పుతో, సున్నం కొట్టిన గోడలతో ఒక బడి గదంత ఉంది. పాస్టరు జీవరత్నంగారు అంతకుముందు బడిపంతులు. సన్నగా, చెమటకు తడిసిన ఖద్దరు చొక్కాతో ఉన్నాడు. ఒక మూల, గోనెపట్టా కప్పి, ముఖం గోడవైపు తిప్పిన రాయి ఉంది. నాకు రాయి కనబడితే ఊరుకుంటానా? ఇటు తిప్పించాను. సిపాయి ఏసోబు, ఈ సంఘపు బిడ్డ, దేశం కొరకు ప్రాణం పెట్టెను అని చెక్కి ఉంది. కింద 'మరణము' అని ఉంది. దాని ఎదుట ఖాళీ.

"తేదీ ఏది?"

"తెల్వది సారు. పటాలపోల్లు చెప్పలే. తెలిసిన్నాడు చెక్కిద్దమని జాగ ఇడిసినం."

"తేదీ తెల్వకుంట సచ్చిండని ఎట్ల తెల్సింది?"

ఆయన పెట్టెలోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. ఏసోబుతో పనిచేసిన సిపాయి ఒకడు రాశాడట. ఇద్దరిని మోసుకొచ్చి మూడోవాడి కోసం వెళ్లిన సంగతి అందులోదే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సిపాయి చేతిరాత ఇంత కుదురుగా ఉంటుందా? బడిపంతులు చేతిరాతే ఇలా ఉంటుంది. ఈయనే రాసుకున్నాడు అని తేల్చేశాను.

"రాయి మొఖం గోడకు ఎందుకు తిప్పిండ్రు?"

"వాల్ల తల్లి మాట సారు. నిలబెట్టేదాక ఆ పేరు తన కంట్ల పడొద్దన్నది."

అదీ నాకు అనుమానమే.

కొంగు కప్పిన గురిగి

ఏసోబు తల్లి రూతమ్మ చెప్పులు కుట్టే కుటుంబం. భర్త పోయి చాలా కాలమైంది. ఊరి చివర గుడిసెలో ఒక్కతే ఉంటోంది. నేను వెళ్లేసరికి వంటకు కూర్చుంది. ముందు చాటలో బియ్యం, పక్కన ఒక గురిగి, చిన్న మట్టికుండ. నేను గుమ్మం ముందు ఆగి చూశాను. ఒక పిడికెడు తీసి గురిగిలో వేసింది. పెదవులు కదిలాయి. మళ్లీ ఒక పిడికెడు తీసి వేసింది.

"గిర్దావర్ సాబ్ అచ్చిండు" అని నా వెంట వచ్చిన పటేలు మనిషి కేక వేశాడు. ఆమె గభాల్న గురిగి మీద మూత పెట్టి కొంగు కప్పేసింది. ముఖంలో నెత్తురు లేదు.

"ఏందమ్మా అది?"

"ఏం లేదు బాంచెన్."

"ఎవలికి దాస్తానవ్?"

"ఎవలికి లేదు దొరా. గింతంత గింజలు."

"ఇంట్ల ఎంతమందున్నరు?"

"నేనొక్కదాన్నే."

చాటలో మిగిలింది ఒక మనిషి బియ్యం. గురిగిలో పడింది వేరు. మా నాన్న విద్య నా చెవిలో మాట్లాడింది. ఒక్క ముసలామె ఉన్న ఇంట్లో ఇద్దరి బియ్యం ఎందుకు తీస్తోంది? ఆ పూట వండనిది ఏ పూట వండుతుంది, ఎవరికి?

"మూత తియ్యి."

ఆమె రెండు చేతులతో గురిగిని ఒడిలోకి లాక్కుంది. "గది ముట్టకుండ్రి. నీ కాల్మొక్త. నన్నేమన్న జెయ్యుండ్రి, గది ముట్టకుండ్రి."

నేను ముట్టలేదు. నా మర్యాద అంతవరకు పనిచేసింది. వెనక్కు తిరుగుతుంటే తలుపు పక్కన ఒక జత మగవాళ్ల చెప్పులు కనబడ్డాయి. తోలు నల్లగా మెరుస్తోంది.

"ఇవెవలియి?"

"మా పిల్లగానియి."

"ఆముదం రాసినట్టున్నరు?"

"మొన్న ఆయితారం రాసిన," అంది, దాపరికం ఏమీ లేకుండా.

నాకు ఇంకేం కావాలి? రాయి కింద కొత్త మట్టి దొరికిందనుకున్నాను. ఇరవై మందిని అడగమన్న మొయిన్ సాబ్ మాట దారిలో గుర్తొచ్చింది. ఎండ మండిపోతోంది. ఇద్దరిని అడిగి బస్సెక్కాను.

నా సంతకం

మొయిన్ సాబ్ కంటి ఆపరేషన్‌కు హైదరాబాదు దవాఖానకు పోయి ఉన్నాడు. ఇన్‌చార్జి చదవకుండానే సంతకాలు పెట్టేరకం. నేను రిపోర్టు రాశాను. తల్లి ఇద్దరి తిండి తీస్తోంది, అడిగితే దాచింది, మగమనిషి చెప్పులు వాడకంలో ఉన్నాయి, రాతిమీద మరణ తేదీ లేదు, తోటి సిపాయి ఉత్తరం నమ్మదగినదిగా లేదు. కాబట్టి సిపాయి ఏసోబు బతికి దాక్కుని ఉన్నట్టు బలమైన అనుమానం కలుగుతోంది. కింద దస్తఖతు.

కలెక్టరు రాలేదు. పోలీసులు వచ్చారు. రూతమ్మ గుడిసె కప్పు మీది గడ్డి పీకి మరీ వెతికారట. ఎవరూ దొరకలేదు. అది విని నేనేమనుకున్నానో తెలుసా? ముందే పసిగట్టి తప్పించుకున్నాడు అనుకున్నాను. దొరికితే నా మాట నిజం, దొరక్కపోతే ఇంకా నిజం. అనుమానం తలకెక్కినవాడికి ఓటమి ఉండదు. ఇంతకన్నా ప్రమాదం ఈ ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

విచారణ తేలేదాకా రాయి నిలబెట్టవద్దని పాస్టరుకు తాకీదు వెళ్లింది. భూమి ఫైలు కట్టల్లో కలిసిపోయింది. సెలవు ముగిసి వచ్చిన మొయిన్ సాబ్‌కు నేను గుర్తు చేయలేదు. ఎందుకు చేయలేదంటే, ఆయన అడిగే ప్రశ్న నాకు ముందే తెలుసు.

ఏడు వరసలు

మరుసటి ఎండాకాలం పాస్టరు జీవరత్నంగారు దఫ్తరుకు వచ్చి మొయిన్ సాబ్ ముందు నిలబడ్డాడు.

"సారు, ఆ రాయి పెట్టుమంటరా, బాయిల పారేయమంటరా? ఏదో ఒకటి చెప్పుండ్రి. ఆ తల్లి సగం కడుపుతోటి బతుకుతాంది. ఇగ ఎక్కువ రోజులు ఉండదు."

మొయిన్ సాబ్ ఫైలు తెప్పించాడు. నన్ను పిలిచి, నా రిపోర్టు తెరిచి, పెన్సిలు పట్టుకున్నాడు. లవంగం నోట్లో వేసుకున్నాడు.

"మొదటి వరస. చూసినవా, అనుకున్నవా?"

"చూసిన సాబ్."

"రెండోది?"

"చూసిన."

"ఇద్దరి తిండి తీసి దాచిన మనిషికి పెడ్తాంది. ఇది?"

"అనుకున్న."

ఏడు వరసలు. అందులో నేను అనుకున్నవి నాలుగు; వాటి పక్కన ఆయన సున్న చుట్టాడు. ఆఖరి వరస పక్కన రెండు సున్నలు.

"పటాలానికి ఉత్తరం రాసి అడిగినవా?"

"లేదు సాబ్."

"ఎందుకు?"

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పటాలానికి ఇయ్యాల్నే ఉత్తరం పోవాలె. నువ్వు ఈ ఆయితారం వాళ్ల చర్చికి పో. కుర్చీ మీద గాదు, కింద కూచో. అంతా అయిపోయేదాక లేవకు."

ఆదివారం

నేను అంతకు ముందు చర్చి లోపల కూర్చోలేదు. వెనక వరసలో చాప మీద కూర్చున్నాను. జనం నన్ను చూసి కొంచెం దూరం జరిగారు. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. అప్పుడు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ముందుకు నడిచారు. ప్రతి ఒక్కరి చేతిలో చిన్న గురిగో, గుడ్డ సంచో ఉంది. ముందున్న పెద్ద గంపలో బియ్యం ఒంపి వచ్చి కూర్చున్నారు. రూతమ్మ కూడా లేచింది. ఆమె చేతిలో అదే గురిగి. ముందటేడు చూసినప్పటికీ ఇప్పటికీ మనిషి సగమైంది. గురిగి మాత్రం అంచుదాకా నిండుగా ఉంది.

అందరూ వెళ్లాక పాస్టరును అడిగాను. "ఏందయ్యగారూ, ఆ బియ్యం?"

"పిడికెడు బియ్యం సారు. వంటకు కూసున్నప్పుడల్ల, ఇంట్ల ఎంతమందుంటె అంతమంది పేరు మీద ఒక్కో పిడికెడు తీసి ప్రార్థన జేసి పక్కకు పెడ్తరు. ఆయితారం తెచ్చి దేవునికిస్తరు. ఈ గోడలు గా పిడికెళ్లతోనే లేసినయ్."

"రూతమ్మ రెండు తీస్తది గదా."

"ఒకటి ఆమెది. ఒకటి ఏసోబుది."

"సచ్చినోల్ల పేరు మీద గూడ తీస్తరా?"

ఆయన నా వంక చూశాడు. "తియ్యరు సారు. బొందల పెట్టి ప్రార్థన జేసిన్నాడు ఆ పిడికెడు ఆపుతరు. ఏసోబుకు పీనుగు లేదు, బొంద లేదు. రాయి నిలబెట్టిన్నాడు జేసే ప్రార్థననే సమాధి ప్రార్థన అనుకున్నం. అది ఆగింది. అందుకే ఆమె ఆపలే. వాన్ని నేనే సంపినట్టయితదయ్యా, ఎట్ల ఆపుత అంటది. కూలికి పోయే ఓపిక లేదు, తన నోటికాడియి తీసి వాని వంతు పెడ్తాంది."

ఆమె దాచిన మనిషి ఎవరో నాకు అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర కూర్చున్న రూతమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఆ దినం గురిగి ఎందుకు దాచినవమ్మా? ఇదీ సంగతి అని చెప్తె అయిపోవు గదా."

"లెవీకొచ్చిండ్రనుకున్న సారు," అంది. "ఎన్కట గిర్దావర్లు లెవీ అని అచ్చి కుండల అడుగున ఉన్న గింజలు గూడ ఊడ్సుకపోయిండ్రు. నా గింజలు పోతె పోనీ. అవి దేవునియి, మా పిల్లగానియి. అందుకే కొంగు గప్పిన."

నిజాం కాలంలో బలవంతంగా ధాన్యం వసూలు చేసిన లెవీ రోజులు అవి. నాకు ముందు ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు చేసిన పని. ఆమె చూసింది నన్ను కాదు, గిర్దావరును. నేను చూసింది ఆమెను కాదు, నేరస్థురాలిని.

"మరి చెప్పులు?"

"వాల్ల నాయిన కుట్టిన జోడు సారు. పటాలంల బూట్లిస్తరు గదా అని ఇడిసిపెట్టి పోయిండు. తోలు నూనె తాగకపోతె పగులుతది." చెప్పులు కుట్టే ఇంటి ఆడమనిషికి అందులో వింతేమీ లేదు. అడిగిన నన్నే వింతగా చూసింది.

ఊదా పెన్సిలు

పటాలం నుంచి జవాబు వచ్చింది. తోటి సిపాయి ఉత్తరంలో ప్రతి అక్షరం నిజం. ఏసోబు మోసుకొచ్చిన ఇద్దరిలో రాసినవాడు ఒకడు. ముత్యాల్లాంటి రాత అతనిదే. ఒక కవరు, ఒక తపాలా బిళ్ల. ఏడాది కిందట నేను చేయాల్సిన పని అంతే.

రెండో రిపోర్టు రాశాను. మొదటిది తప్పు అని మొదటి వరసలోనే రాశాను. మొదటిదాన్ని ఫైల్లోంచి తీసేస్తానంటే మొయిన్ సాబ్ ఒప్పుకోలేదు. "ఉండని. రేపు నీ కుర్చీల కూచునేటోడు చదవాలె."

కొత్త పంచనామాకు మళ్లీ పటేలు దగ్గరికి పోయాను. ఈసారి అరుగు మీద కూర్చున్నాను, చాయ్ వద్దన్నాను. ఆయన అంగీ జేబులోంచి పెన్సిలు తీసి, నాలుకతో తడుపుకుని, సంతకం చేశాడు. నాలుక మీద ఊదా మచ్చ. వెనక్కు వచ్చి పాత పంచనామా తీసి చూశాను. అందులోనూ ఊదా సంతకమే. నా కళ్ల ముందే పెట్టాడు, నేనే జేబులో పెట్టుకున్నాను. రూతమ్మకు రావాల్సిన అయిదెకరాల బీడును కొన్నేళ్లుగా ఎవరు దున్నుకుంటున్నారో అప్పుడు అడిగాను. ఈసారి ఇరవై మందిని అడిగాను. ఇరవై మందీ ఒకే పేరు చెప్పారు.

ఆ ఆకాశరామన్న ఉత్తరం పటేలే రాశాడా? ఊదా పెన్సిళ్లు ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా ఉండవచ్చు. రుజువు లేదు, ఉన్నది అనుమానమే. దాని కింద దస్తఖతు పెట్టను.

రాయి ఎక్కిన రోజు

అంతలో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. కలెక్టరుకు తీరిక లేదు. పాస్టరు ఇక ఆగలేదు. చలికాలంలో ఒక ఆదివారం రాయిని గోడకు నిలబెట్టారు. మొయిన్ సాబ్ నన్ను పొమ్మనలేదు. నేనే పోయాను. భూమి పట్టా జేబులో పెట్టుకుని పోయాను.

రాతి మీది గుడ్డను రూతమ్మే లాగింది. ఆమెకు చదువు రాదు. "వాని పేరు ఏడున్నదయ్యా?" అంది. పాస్టరు ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టాడు. ఆమె ఒక్కో అక్షరం తడిమింది. తేదీ కోసం వదిలిన నునుపైన చోటికి వేలు వచ్చింది. అక్కడ ఆగి, నోరు తెరిచి ఏడ్చింది. పటేలు లేదన్న ఆ ఏడుపు ఇన్నాళ్లూ ఎక్కడుందో ఊరందరికీ వినబడింది. నేనూ ఏడ్చాను.

తర్వాత ఆమె గుడిసె ముందు అందరికీ భోజనాలు. పట్టా చేతిలో పెడితే కళ్లకద్దుకుని లోపల దాచి వచ్చింది. "సారు, ఇంత బువ్వ తిని పోండ్రి" అంది.

మా ఇంట్లో ఆ వాడ వైపు పోయివస్తేనే స్నానం చేయందే లోపలికి రానిచ్చేవారు కాదు. పచ్చి గింజలకు అంటు లేదు కానీ, నేను అక్కడ వండిన అన్నం తిన్నానని తెలిస్తే మా నాన్న దుకాణం గడప ఎక్కనివ్వడు. అంత ఏడ్చినవాణ్ణి, అంత నేర్చుకున్నానని అనుకున్నవాణ్ణి, ఏమన్నానో వినండి.

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు అమ్మా" అన్నాను.

ఉపవాసం లేదు, ఏమీ లేదు. పొద్దున కడుపునిండా తిని వచ్చాను.

ఆమె ఒక క్షణం నా ముఖం చూసింది. లోపలికి వెళ్లి, చిన్న గుడ్డ మూటతో వచ్చింది.

"పచ్చి బియ్యం సారు. అన్నం గాదు, మీరు పట్టుకపోవచ్చు. పొద్దుగాల అలవాటుల చెయ్యి వాని వంతు గూడ తీసింది. ఇగ అది దేవునిది గాదు, నాది గాదు. ఒక్కపొద్దు ఇడిసినంక వండిచ్చుకోండ్రి."

రెండు చేతులతో తీసుకున్నాను. ఇంటికి వచ్చాక "ఈ బియ్యం ఏడియి?" అని మా ఆవిడ అడిగితే, దుకాణంలో నమూనాకు ఇచ్చారన్నాను. ఆమె నమ్మి వండింది. ఒక మనిషికి కూడా చాలని అన్నం అయింది. నేనొక్కణ్ణే కూర్చుని తిన్నాను.

ఒక్క రోజున రెండు అబద్ధాలు చెప్పాను. ఒకటి మా ఆవిడ నమ్మింది. ఇంకొకటి రూతమ్మ నమ్మలేదు. మూటకట్టి ఇచ్చిన పచ్చి బియ్యమే ఆ మాట చెప్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎందరి అబద్ధాలో పట్టుకున్నాను. నన్ను పట్టుకున్నది ఆమె ఒక్కతే. పట్టుకుని, నలుగురిలో ఏమీ అనకుండా వదిలేసింది.